అపెండిసైటిస్: ఇంట్లో పోయే గంటలు, ఆసుపత్రిలో ఆగే గంటలు

నర్సంపేట దగ్గరి ఒక ఊరి నుంచి ఒకమ్మాయి అడిగిన ప్రశ్నకు ఇది జవాబు. వాళ్ల తమ్ముడికి 19 ఏళ్లు. మొన్న రాత్రి బొడ్డు చుట్టూ నొప్పి మొదలైంది. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయిస్తే తగ్గినట్టే తగ్గి, నిన్న మధ్యాహ్నానికి కుడివైపు కింద పట్టుకుంది. రెండు వాంతులయ్యాయి, ఒళ్లు కొంచెం కాలుతోంది. ఈరోజు హన్మకొండలో స్కానింగ్ తీస్తే అపెండిక్స్ 9 మిల్లీమీటర్లు ఉబ్బిందని వచ్చింది. సర్జన్ చేర్చుకుని, సెలైన్, యాంటీబయాటిక్ పెట్టి, రేపు పొద్దున ఆపరేషన్ చేస్తానన్నారు. మేనమామేమో "ఇది ఇరవై నాలుగు గంటల నొప్పి, ఈ రాత్రికే చెయ్యకపోతే పగులుతది, వేరే దవాఖానకు తీస్కపోదాం" అంటున్నారట. బావ మాత్రం ఫోన్‌లో ఏదో వీడియో చూపించి, మందులతోనే తగ్గే జబ్బుకు ఆపరేషన్ ఎందుకంటున్నారు. ఎవరి మాట వినాలి అని అడుగుతోంది.

అమ్మా, మీ సర్జన్ మాట వినండి. మీ తమ్ముణ్ని నేను చూడలేదు, కడుపు మీద చెయ్యి పెట్టి చూసినవాళ్లకు తెలిసినంత నాకు తెలియదు. కానీ మీరు రాసిన వివరాలను బట్టి ఆయన చెప్పిన దాంట్లో నాకు తప్పేమీ కనిపించలేదు. నేను జనరల్ సర్జన్‌ని. ఉమ్మడి వరంగల్ జిల్లాలోనే చాలా ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను. ఇక్కడ ఒక విచిత్రం ఎప్పుడూ చూస్తుంటాను. నొప్పి మొదలయ్యాక ఇంట్లో ఒకటిన్నర రోజు గడిచిపోతుంది, దాని గురించి ఎవరికీ టెన్షన్ ఉండదు. ఆసుపత్రిలో చేరి, మందులు మొదలయ్యాక పది గంటలు ఆగమంటే మాత్రం చుట్టాలందరికీ టెన్షన్ మొదలవుతుంది. ప్రమాదం ఉన్నది ఇంట్లో పోయే గంటల్లో. ఆసుపత్రిలో ఆగేవి చాలావరకు భద్రమైన గంటలు. ఎందుకో కొంచెం వివరంగా చెప్తాను.

చిన్నపేగు వచ్చి పెద్దపేగులో కలిసే చోట, కుడివైపు కింద, పెద్దపేగుకు వేలాడుతూ ఉండే సన్నటి గొట్టం అపెండిక్స్. పొడవు సాధారణంగా 6 నుంచి 9 సెంటీమీటర్లు. ఒక కొన మూసుకుని ఉంటుంది, రెండో కొన పేగులోకి తెరుచుకుంటుంది. ఆ ఒక్క దారి మూసుకుపోయిందంటే లోపల ఊరే ద్రవానికి పోయే తోవ ఉండదు. గొట్టం ఉబ్బుతుంది, లోపలి బ్యాక్టీరియా పెరుగుతుంది, గోడకు రక్తం సరిగా అందదు. ఈ వాపే అపెండిసైటిస్. అలాగే వదిలేస్తే గోడ కుళ్లి చిల్లు పడుతుంది. దారి ఎందుకు మూసుకుంటుందంటే, ఎక్కువగా రెండు కారణాలు. ఎండి గట్టిపడిన మలం చిన్న రాయిలా అడ్డుపడటం ఒకటి. పిల్లల్లో, కుర్రవాళ్లలో గోడలో ఉండే లింఫ్ కణజాలం వాచిపోవడం రెండోది. అరుదుగా నులిపురుగులు, ఏలికపాములు దూరుతాయి. వయసు మళ్లినవాళ్లలో అక్కడ గడ్డ ఉందేమో కూడా చూడాలి. జీవితం మొత్తంలో వందమందిలో ఏడెనిమిది మందికి వచ్చే జబ్బు ఇది. పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల మధ్య ఎక్కువ.

జామ గింజ మింగితే వస్తుందా, సీతాఫలం గింజ పోయి ఇరుక్కుందా అని ప్రతి తల్లీ అడుగుతుంది. గింజల వల్ల రావడం చాలా అరుదు. పండ్లు మానిపించకండి. అయితే ఈ అనుమానం పూర్తిగా గాలిలోంచి పుట్టింది కూడా కాదు. 1735లో లండన్‌లో క్లాడియస్ అమియాండ్ అనే సర్జన్ 11 ఏళ్ల పిల్లవాడికి గజ్జలో దిగిన హెర్నియాను ఆపరేషన్ చేస్తుంటే, ఆ సంచిలో అపెండిక్స్ కనబడింది. అందులో పిల్లవాడు ఎప్పుడో మింగిన గుండుసూది ఉంది, దానివల్లే చిల్లు పడింది. ఆయన దాన్ని తీసేశాడు, పిల్లవాడు బతికాడు. ఆపరేషన్ చేసి అపెండిక్స్ తీసినట్టు రాసి ఉన్న మొదటి సంఘటన అదే. మత్తుమందు లేని కాలం మరి, ఆ పిల్లవాడి సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఇక నొప్పి సంగతి. ఊళ్లలో అందరూ పొరబడేది ఇక్కడే. అపెండిక్స్ ఉన్నది కుడివైపు కింద, నొప్పి మొదలయ్యేది బొడ్డు దగ్గర. అపెండిక్స్ నుంచి వచ్చే నరాలు వెన్నుపాములో బొడ్డు దగ్గరి చర్మపు నరాలు చేరే మెట్టులోనే కలుస్తాయి. అందుకని నొప్పి ఎక్కడిదో మెదడుకు సరిగా తెలియదు, బొడ్డు చుట్టూ ఏదో గుంజుతున్నట్టు చెబుతుంది. మనవాళ్లు సరిగ్గా అదే మాట అంటారు: "బొడ్డు కాడ గుంజుతుంది సార్, బువ్వ తినబుద్ధైతలేదు." కొన్ని గంటలు గడిచి, వాచిన అపెండిక్స్ పక్కనున్న కడుపు లోపలి పొరకు తగిలాక నొప్పి కుడివైపు కిందికి జరిగి అక్కడే కూర్చుంటుంది. ఆ పొర నరాలు ఖచ్చితంగా చోటు చెప్పగలవు. అప్పుడు రోగి ఒక్క వేలుతో చూపిస్తాడు. 1889లో న్యూయార్క్ సర్జన్ చార్లెస్ మెక్‌బర్నీ వర్ణించిన చోటు అదే. బొడ్డు నుంచి కుడి నడుము ఎముక మొన దాకా ఒక గీత గీస్తే, ఎముక నుంచి మూడో వంతు దూరంలో ఉంటుంది.

ఆ బొడ్డు దగ్గరి గంటల్లోనే గ్యాస్ అని సోడా తాగుతారు. నిన్న పెళ్లిలో తిన్న మటన్ పడలేదంటారు. బొడ్డు పక్కకు జరిగిందని నూనె రాసి కడుపు తోమిస్తారు. అన్నిటికంటే నాకు భయం ఆముదం అంటే. కడుపు శుభ్రమవుతుందని తాగిస్తారు, వాచిన పేగును అది బలవంతంగా కదిలిస్తుంది. కారణం తెలియని కడుపునొప్పికి విరేచనం మందు, ఎనిమా, కడుపు తోమడం మూడూ వద్దు. వేడినీళ్ల సంచి కూడా నేనైతే వద్దంటాను, ఉపశమనం పేరుతో అది ఇంకో నాలుగు గంటలు తినేస్తుంది.

ఆర్‌ఎంపీలను తిట్టడం తేలిక. అర్ధరాత్రి పన్నెండింటికి తలుపు కొడితే తీసేది వాళ్లే, ఆ మాట ఒప్పుకోవాలి. నొప్పి సూది వేయడం నేరమేమీ కాదు. నొప్పి తగ్గిస్తే జబ్బు కనిపెట్టలేమని మా పాత గురువులు అనేవాళ్లు, ఇప్పుడు ఆసుపత్రిలో పరీక్ష పూర్తికాకముందే మేమే ఇస్తున్నాం. దానివల్ల రోగ నిర్ధారణ తప్పడం లేదని తేలింది. తేడా ఏంటంటే, మేం సూది వేసి రెండు మూడు గంటల తర్వాత మళ్లీ వచ్చి కడుపు చూస్తాం. ఊళ్లో సూది వేసి ఇంటికి పంపిస్తారు. నొప్పి తగ్గింది కాబట్టి జబ్బు తగ్గిందనుకుని అందరూ పడుకుంటారు. సూది ప్రభావం అయిపోయి తెల్లారి మళ్లీ మొదలైందంటే అది 'మళ్లీ వచ్చిన' నొప్పి కాదు, రాత్రంతా లోపల నడుస్తూనే ఉన్న జబ్బు. మీ తమ్ముడికి జరిగింది ఇదే అనిపిస్తోంది.

మా దగ్గరికి వచ్చాక మేం అడిగే కొన్ని ప్రశ్నలు ఇంట్లోవాళ్లకు పిచ్చిగా అనిపిస్తాయి. "ఆటోలో వచ్చేటప్పుడు స్పీడ్ బ్రేకర్ల దగ్గర ఎట్లా ఉండె?" అని నేను తప్పకుండా అడుగుతాను. ములుగు రోడ్డు మీద వచ్చినవాళ్లయితే చెప్పక్కర్లేదు, ముఖం చూస్తేనే తెలుస్తుంది. కుదుపుకు కుడివైపు కింద పొడిచినట్టయ్యి, చెయ్యి పెట్టి పట్టుకుని కూర్చున్నారంటే లోపలి పొర వాచిందని గట్టి అనుమానం. కుదుపులు ఏమీ అనిపించలేదంటే ఆ అనుమానం చాలా తగ్గుతుంది. పిల్లల్ని ఇంకోటి అడుగుతాను: "ఇప్పుడు బిర్యానీ తెప్పిస్తే తింటవా?" కళ్లు మెరిసి "తింట" అంటే నేను కత్తి పక్కన పెట్టి ఇంకోసారి ఆలోచిస్తాను. అపెండిసైటిస్‌లో ఆకలి దాదాపు చచ్చిపోతుంది. ఇంకో చిన్న గుర్తు వరుస. ముందు నొప్పి వచ్చి తర్వాత వాంతి అయితే అపెండిక్స్ వైపు చూడాలి. ముందు వాంతులు, విరేచనాలు మొదలై తర్వాత నొప్పి వస్తే ఎక్కువగా అది తిండి తేడా.

ఈ గుర్తులన్నిటికీ మార్కులు వేసే పద్ధతి ఒకటుంది, 1986లో అల్వరాడో అనే వైద్యుడు చెప్పింది. మొత్తం 10. నొప్పి చోటు మారితే 1, ఆకలి లేకపోతే 1, వాంతి లేదా వికారానికి 1, కుడివైపు నొక్కితే నొప్పికి 2, నొక్కి టక్కున వదిలితే నొప్పికి 1, జ్వరానికి 1, రక్తపరీక్షలో తెల్లకణాలు పెరిగితే 2, వాటిలో న్యూట్రోఫిల్స్ అనే రకం శాతం పెరిగితే 1. నాలుగు లోపయితే అవకాశం తక్కువ, ఏడు దాటితే చాలా ఎక్కువ. మధ్యలో ఉంటే కనిపెట్టుకుని ఉండి మళ్లీ మళ్లీ చూడాలి, స్కానింగ్ తీయాలి. మీరు రాసినదాంట్లోనే మీ తమ్ముడికి మూడు మార్కులు పడ్డాయి, కడుపు నొక్కి చూసిన మార్కులు, రక్తపరీక్ష మార్కులు ఇంకా కలపలేదు. దానికి తోడు స్కానింగ్ 9 మిల్లీమీటర్లు చెప్తోంది. మామూలుగా 6 మిల్లీమీటర్లు దాటి, కడుపు మీద పెట్టే స్కానింగ్ పరికరంతో నొక్కినా అణగకపోతే వాచిందంటాం.

స్కానింగ్ గురించి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే దాన్ని జనం దేవుడి మాటలా చూస్తున్నారు. అల్ట్రాసౌండ్‌లో "అపెండిక్స్ కనిపించలేదు" అని వస్తే జబ్బు లేదని కాదు. గ్యాస్ ఎక్కువున్నా, మనిషి లావుగా ఉన్నా, అపెండిక్స్ పెద్దపేగు వెనక దాక్కున్నా కనిపించదు. అప్పుడు సీటీ స్కాన్ చాలా స్పష్టంగా చెబుతుంది. గర్భిణులకు మాత్రం సీటీ బదులు వీలైతే ఎంఆర్‌ఐ చేయిస్తాం. రెండో మాట దీనికి ఎదురు తిరిగి ఉంటుంది. ఆరు నెలలుగా అప్పుడప్పుడు కడుపునొప్పి అనే అమ్మాయికి స్కానింగ్‌లో 6.5 మిల్లీమీటర్లు రాగానే అపెండిక్స్ తీసేస్తున్నవాళ్లు ఉన్నారు. జ్వరం లేదు, తెల్లకణాలు పెరగలేదు, నొక్కితే పెద్దగా నొప్పి లేదు, అయినా ఆపరేషన్. తర్వాత అదే నొప్పితో మళ్లీ తిరుగుతుంటారు. రిపోర్ట్ కాగితాన్ని కాదు, మనిషిని చూసి ఆపరేషన్ చెయ్యాలి. అలాంటప్పుడు ఇంకో సర్జన్‌కు చూపించుకోవడానికి తొందరేమీ ఉండదు, చూపించుకోండి.

కుడివైపు నొప్పి అంతా అపెండిక్స్ కాదు. మన దగ్గర కిడ్నీ రాళ్లు ఎక్కువే, కుడి మూత్రనాళంలో రాయి దిగితే అచ్చం ఇలాగే ఉంటుంది. తేడా చూడగానే కొంత తెలుస్తుంది. రాయి ఉన్నవాడు మంచం మీద ఒక్కచోట ఉండలేడు, పొర్లుతాడు, లేచి తిరుగుతాడు. అపెండిక్స్ ముదిరినవాడు కదిలితే నొప్పని కాలు ముడుచుకుని కట్టెలా పడుకుంటాడు. మగపిల్లల్లో వృషణం మెలితిరిగితే కూడా కడుపునొప్పే చెబుతారు, సిగ్గుతో కింద నొప్పి ఉందని చెప్పరు. అది గంటల్లో పాడైపోతుంది కాబట్టి చూడకుండా వదలకూడదు. టైఫాయిడ్, పేగుల టీబీ కూడా ఆ చోటనే వస్తాయి. ఆడవాళ్లలో అండాశయం మెలితిరగడం, నీటిబుడగ పగలడం, గర్భం ట్యూబులో నిలవడం ఉంటాయి. అందుకే పెళ్లయినా కాకపోయినా మూత్రంతో గర్భం పరీక్ష చేయిస్తాం. అత్తగారి ముందు ఆ మాట అనగానే కొందరు నొచ్చుకుంటారు. ట్యూబులో గర్భం పగిలితే ప్రాణం పోతుంది. ఆ పరీక్ష అడిగినందుకు డాక్టర్ మీద కోపం తెచ్చుకోవద్దు.

ఇప్పుడు మీ మేనమామ గారి భయం దగ్గరికి వద్దాం. అది ఉత్త భయం కాదు. మందుల్లేకుండా ఇంట్లో ఉంటే, సుమారు ఒకటిన్నర రోజు దాటాక చిల్లుపడే అవకాశం పెరుగుతూ పోతుంది. అయిదేళ్ల లోపు పిల్లలు నొప్పి సరిగా చెప్పలేరు కాబట్టి చాలామందికి మా దగ్గరికి వచ్చేసరికే చిల్లు పడి ఉంటుంది. ముసలివాళ్లలో జ్వరం, నొప్పి రెండూ తక్కువగా కనిపించి మోసం చేస్తాయి. కానీ ఆ గడియారం ఇంట్లో తిరిగేది. ఆసుపత్రిలో నరంలోకి యాంటీబయాటిక్ వెళ్లాక దాని వేగం మారిపోతుంది. ఫిన్లాండ్, నార్వేల్లో 1,800 మందికి పైగా రోగుల మీద చేసి 2023లో ప్రచురించిన అధ్యయనంలో, చిల్లు పడని అపెండిసైటిస్ ఉన్నవాళ్లలో కొందరికి 8 గంటల్లోపు, కొందరికి 24 గంటల్లోపు ఆపరేషన్ చేసేలా విభజించారు. చిల్లుపడటం మొదటి గుంపులో 8 శాతం, రెండో గుంపులో 9 శాతం. అంటే తేడా లేనట్టే.

రాత్రి ఆగడానికి కారణాలు కూడా ఉంటాయి. మత్తు ఇవ్వాలంటే తిన్న తర్వాత ఆరు గంటలు కడుపు ఖాళీగా ఉండాలి. వాంతులతో, జ్వరంతో ఒంట్లో నీళ్లు తగ్గి ఉంటాయి, సెలైన్ ఎక్కించి నాడి సర్దుకునేలా చూస్తే మత్తు భద్రంగా ఉంటుంది. వరంగల్ ఎంజీఎం లాంటి పెద్ద ప్రభుత్వాసుపత్రిలో అయితే ఎమర్జెన్సీ టేబుల్ మీద మీ తమ్ముడికంటే ముందు యాక్సిడెంట్ కేసో, పేగు పగిలిన కేసో ఉండవచ్చు. ఈ రాత్రి డిశ్చార్జ్ చేయించుకుని ఇంకో ఆసుపత్రికి వెళ్తే ఏం జరుగుతుందో చెప్తాను. మళ్లీ కొత్త కాగితం, మళ్లీ రక్తపరీక్ష, మళ్లీ స్కానింగ్, మళ్లీ అడ్వాన్సు. యాంటీబయాటిక్ డోసు ఒకటి మధ్యలో పోతుంది. టేబుల్ ఎక్కేసరికి ఎలాగూ తెల్లారుతుంది.

ఆగకూడని పరిస్థితి కూడా ఉంటుంది. రాత్రి నొప్పి కడుపంతా పాకినా, కడుపు చెక్కలా గట్టిపడినా, చలితో వణుకు వచ్చినా, నాడి బాగా పెరిగినా వెంటనే డ్యూటీ నర్సును పిలవండి. ఇంకొకటి మరీ ముఖ్యం. తీవ్రంగా ఉన్న నొప్పి ఒక్కసారిగా హాయిగా తగ్గిపోతే సంతోషపడకండి, అది కూడా చెప్పండి. అపెండిక్స్ పగిలినప్పుడు లోపలి ఒత్తిడి దిగి కాసేపు అలా అనిపిస్తుంది, తర్వాత చీము పాకి కడుపంతా పట్టుకుంటుంది. "తగ్గింది" అని ఆ కాసేపట్లో ఇంటికి వెళ్లిపోయినవాళ్లు ఉన్నారు.

ఇంకా ఆలస్యంగా వచ్చేవాళ్లది వేరే కథ. నాలుగైదు రోజులు గడిచాక చుట్టుపక్కల పేగులు, కొవ్వు పొర వచ్చి వాచిన అపెండిక్స్‌ను చుట్టేసి ముద్ద కట్టేస్తాయి. పత్తి ఏరే రోజుల్లో, నాట్ల రోజుల్లో ఇవి ఎక్కువగా చూస్తాం, పని వదిలి రాలేక మాత్రలతో నెట్టుకొస్తారు. చేత్తో తడిమితే గడ్డ తగులుతుంది. అలాంటప్పుడు మేం వెంటనే కోయం. అంతా అతుక్కుపోయి ఉంటుంది, విడదీయబోతే మంచి పేగుకు చిల్లు పడవచ్చు. యాంటీబయాటిక్ ఇచ్చి, చీముగడ్డ ఉంటే స్కానింగ్ చూస్తూ సన్నటి గొట్టం వేసి తీసి, చల్లబడ్డాక అవసరాన్ని బట్టి ఆరేడు వారాల తర్వాత ఆపరేషన్ చేస్తాం. నలభై దాటినవాళ్లకు పెద్దపేగులో వేరే గడ్డ లేదని కెమెరాతో చూస్తాం. "అర్జెంటు జబ్బంటరు, మళ్లా ఇంటికి పొమ్మంటరు, గిదేం పద్ధతి?" అని అటెండెంట్లు గొడవ చేసేది ఈ కేసుల్లోనే. మొదటి రోజు కోయడం ఎంత సరైనదో, అయిదో రోజు ఆగడం అంత సరైనది.

ఇక మీ బావగారి వీడియో. అందులో అబద్ధం లేకపోవచ్చు, కొంత వదిలేసి ఉంటారు. చిల్లు పడని అపెండిసైటిస్‌ను యాంటీబయాటిక్స్‌తోనే నయం చేయవచ్చన్నది నిజమే. కోవిడ్ కాలంలో చాలా దేశాల్లో అలా చేశారు. ఫిన్లాండ్‌లో అలా చికిత్స పొందినవాళ్లను అయిదేళ్లు గమనిస్తే, వందలో సుమారు 39 మందికి మళ్లీ వచ్చింది. అంటే అరవై మంది ఆపరేషన్ తప్పించుకున్నారు, ఇది చిన్న విషయం కాదు. అమెరికాలో 2020లో ప్రచురించిన అధ్యయనంలో మందులు తీసుకున్నవాళ్లలో 90 రోజుల్లోపే సుమారు 29 శాతం మందికి ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. లోపల మలపు రాయి ఉన్నవాళ్లలో అది 41 శాతం. కాబట్టి ఈ దారి పట్టాలంటే ముందు సీటీ తీసి రాయి లేదని, చిల్లు లేదని తేల్చుకోవాలి. మందులు ఇచ్చినా మొదటి ఒకటి రెండు రోజులు ఆసుపత్రిలో కనిపెట్టుకుని ఉండాలి. ఇంట్లో మెడికల్ షాపు మాత్రలు మింగడం ఆ చికిత్స కాదు.

నేను ఇంకోటి కూడా అడుగుతాను: మీ ఊరికి సర్జన్ ఎంత దూరం? హన్మకొండలో ఉద్యోగం చేసుకునేవాడు మందులు ఎంచుకుంటే నాకు అభ్యంతరం లేదు, మళ్లీ నొప్పి వస్తే పది నిమిషాల్లో వస్తాడు. ఏటూరునాగారం అవతల, సుమారు వంద కిలోమీటర్ల దూరంలో, వానాకాలం వాగు పొంగితే బయటికి రాలేని ఊరివాడికి నేను ఆపరేషనే చెప్తాను. మలి నొప్పి ఎప్పుడు వస్తుందో ఎవరి చేతిలోనూ లేదు. 1961 ఏప్రిల్‌లో అంటార్కిటికాలో సోవియట్ స్థావరంలో ఉన్న ఒకే ఒక్క డాక్టర్ లియోనిద్ రోగొజొవ్‌కు ఈ జబ్బు వచ్చింది. యాంటీబయాటిక్స్ వేసుకున్నాడు, తగ్గలేదు. విమానం వచ్చే దారి లేదు. చివరికి తోటివాళ్లు అద్దం పట్టుకుంటే, చోటుకు మత్తు సూది వేసుకుని, తన అపెండిక్స్ తనే కోసి తీసుకున్నాడు. రెండు వారాల్లో పనిలోకి వచ్చాడు కూడా. మనకు ఆ అవస్థ లేదు. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ ఎంజీఎం ఒక్కటే దిక్కు. ఇప్పుడు మహబూబాబాద్, జనగామ, భూపాలపల్లి, ములుగు, నర్సంపేటల్లో కూడా ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. నొప్పి మొదలైన రాత్రే 108కి ఫోన్ చేస్తే దగ్గర్లోనే సర్జన్ చెయ్యి కడుపు మీద పడే అవకాశం పెరిగింది.

ఖర్చు గురించి మీరు అడగలేదు, అయినా చెప్తాను. ప్రభుత్వ ఆసుపత్రిలో ఈ ఆపరేషన్‌కు డబ్బు కట్టక్కర్లేదు. ప్రైవేటులో ఉన్నట్టయితే రేషన్ కార్డు, ఆధార్ తీసుకుని ఆరోగ్యశ్రీ డెస్క్ దగ్గర ఆరోగ్యమిత్రను ఆపరేషన్‌కు ముందే కలవండి. ఈ చికిత్స ఆ ఆసుపత్రిలో వర్తిస్తుందో లేదో వాళ్లే చెబుతారు. బిల్లు అయ్యాక అడిగితే లాభం ఉండదు.

ఆపరేషన్ రెండు రకాలు. పాత పద్ధతిలో కుడివైపు కింద ఒక కోత పెట్టి, కండరాలను కోయకుండా పీచు వెంట విడదీసి, అపెండిక్స్‌కు రక్తం వచ్చే నాళాన్ని కట్టి, మొదలు దగ్గర ముడివేసి తీసేస్తాం. వెన్నుకు మత్తు ఇచ్చి కూడా చేయవచ్చు. లాప్రోస్కోపీలో బొడ్డు దగ్గర ఒకటి, కింద రెండు చిన్న రంధ్రాలు పెడతాం, కార్బన్ డయాక్సైడ్‌తో కడుపు ఉబ్బించి కెమెరాలో చూస్తూ తీస్తాం. దీనికి మామూలుగా పూర్తి మత్తే ఇస్తారు. కోత చోట చీము పట్టడం తక్కువ, తొందరగా లేచి తిరుగుతారు. అమ్మాయిల్లో అండాశయాలు కూడా అక్కడికక్కడే చూసుకోవచ్చు. దీన్ని మొదట 1980లో చేసింది జర్మనీలో కుర్ట్ జెమ్ అనే స్త్రీల వైద్య నిపుణుడు, సర్జన్లు మొదట్లో ఆయన్ని ఎగతాళి చేశారు. అయితే లాప్రోస్కోపీ లేదని రాత్రికి రాత్రి ఊరు మార్చేంత తేడా రెండింటికీ లేదు. అలవాటున్న చెయ్యి ఏది బాగా చేస్తుందో అదే మంచిది.

చిల్లు పడకపోతే మీ తమ్ముడు ఆ సాయంత్రమే లేచి నడుస్తాడు, ఒకటి రెండు రోజుల్లో ఇంటికి వస్తాడు. చిల్లు పడి ఉంటే చీము కడిగి, ఒక్కోసారి పక్కన గొట్టం పెట్టి, అయిదారు రోజులు ఉంచుతారు. లాప్రోస్కోపీ తర్వాత కుడి భుజం నొప్పి అంటే కంగారుపడకండి, లోపల మిగిలిన గ్యాస్ పొట్టకూ ఛాతీకీ మధ్యనున్న పొరకు తగిలి అలా అనిపిస్తుంది, రెండు రోజుల్లో పోతుంది. జాగ్రత్త పడాల్సింది ఇంటికొచ్చాక నాలుగైదు రోజులకు వచ్చే జ్వరం, కుట్ల చోట ఎరుపు, చీము, మళ్లీ వాంతులు, కడుపు ఉబ్బరం విషయంలో. అప్పుడు ఫోన్ చేసి అడగడం కాదు, తీసుకుని రండి.

పథ్యం విషయంలో మన ఇళ్లలో పిల్లల్ని ఆకలితో చంపుతారు. వంకాయ తింటే చీము పడుతుంది, గుడ్డు వేడి చేస్తుంది, పప్పు వాతం అని నెల రోజులు కారప్పొడి, అన్నంతో నెట్టిస్తారు. గాయం మానాలంటే మాంసకృత్తులు కావాలి. మొదటి రోజు పలుచని గంజి, ఇడ్లీ, పెరుగన్నం, తర్వాత పప్పు, గుడ్డు, చికెన్ అన్నీ పెట్టండి. ముక్కాల్సిన పని పడకుండా నీళ్లు, ఆకుకూరలు, పండ్లు ఇవ్వండి. బరువులు మాత్రం ఎత్తనివ్వొద్దు. లాప్రోస్కోపీ అయితే రెండు వారాలు, పెద్ద కోత అయితే నాలుగు నుంచి ఆరు వారాలు. ఏనుమాముల మార్కెట్లో బస్తాలు మోసేవాళ్లకు ఇది చెప్పడం తేలిక, పాటించడం కష్టమని తెలుసు. అయినా ఈ వారాలు తప్పవు, లేకపోతే కోత చోట హెర్నియా వస్తుంది.

అపెండిక్స్ లేకపోతే రేపు లోటేమైనా ఉంటుందా అంటే, అది పేగులోని మంచి బ్యాక్టీరియాకు దాచుకునే చోటని ఒక వాదన ఉంది, కానీ తీసేసినవాళ్ల రోజువారీ జీవితంలో తేడా ఏమీ కనిపించదు. ఆడపిల్లలకు తీస్తే పిల్లలు పుట్టరన్నది ఉత్త మాట, ఇది విని పెళ్లి సంబంధాలు ఆపేసుకున్నవాళ్లు ఉన్నారు కాబట్టి చెప్తున్నాను.

చివరిగా ఒక కాగితం గురించి. తీసిన అపెండిక్స్‌ను పరీక్షకు పంపారో లేదో డిశ్చార్జ్ రోజే అడగండి, వారం తర్వాత కుట్లు చూపించుకోవడానికి వెళ్లినప్పుడు ఆ బయాప్సీ రిపోర్ట్ చేతికి తీసుకోండి. నూటికి ఒకరికి అటూ ఇటూగా అందులో చిన్న గడ్డ బయటపడుతుంది. ఎక్కువగా అపెండిక్స్ తీయడంతోనే దాని పని అయిపోతుంది, కొన్నిటికి మాత్రం ఇంకా చికిత్స కావాలి. చాలామంది ఆ రిపోర్ట్ ఎప్పటికీ తీసుకోరు. అది ల్యాబ్‌లోనే ఉండిపోతుంది.